ఆ 200 కోట్లు ఎవరు లెక్కపెట్టారు?

పోయిన నెల పంటి నొప్పికి యాంటీబయాటిక్ వాడాక నాన్నకి కడుపు చెడింది. డాక్టరు గారు రాసిచ్చిన చిన్న ప్లాస్టిక్ గొట్టాల మందు తెచ్చాను. అందులో ఉండేది మంచి బ్యాక్టీరియా, స్పోర్లుగా, అంటే గట్టి పెంకులో నిద్రపోతున్న రూపంలో. తల తుంచి గొంతులో పోసుకునే రకం, ఒక్కోదాంట్లో 5 మిల్లీలీటర్లు, చూడ్డానికి ఉత్త నీళ్ళలా ఉంటుంది. నాన్న ఏ మందైనా సరే, అట్టపెట్టె మీద అక్షరం వదలకుండా చదివితే గానీ నోట్లో వేసుకోడు. సహకార బ్యాంకులో 32 ఏళ్ళు క్యాషియర్‌గా చేసిన మనిషి. "ఒక్కో గొట్టంలో 2 బిలియన్ స్పోర్లంట. అంటే 200 కోట్లు" అని మనసులోనే మార్చేసుకుని, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "ఎవరమ్మా లెక్కపెట్టింది?" అన్నాడు.

నేను చదివింది మైక్రోబయాలజీ. మూడేళ్ళు ఒక డెయిరీ ల్యాబ్‌లో పనిచేశాను. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో ఆ పాఠమే చెబుతున్నాను. ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ అడగని ప్రశ్న అది. పిల్లలు "ఎలా లెక్కపెడతారు" అని అడుగుతారు, దానికి పుస్తకంలో జవాబుంది. ఎవరు లెక్కపెట్టారంటే మాత్రం, నిజం చెప్పాలంటే, ఎవరూ పెట్టలేదు.

"40 లెక్కపెట్టి ఉంటారు నాన్నా. దాన్ని 5 కోట్లతో హెచ్చవేసి ఉంటారు" అన్నాను.

ఆయన ముఖం చూడాలి.

నలభై చుక్కలు

కాగితం తీసుకుని గీసి చూపించాను. ఆ నీళ్ళు 1 మి.లీ. తీసి 9 మి.లీ. శుభ్రమైన నీళ్ళలో కలపడం, అందులోంచి మళ్ళీ 1 మి.లీ. తీసి ఇంకో తొమ్మిదిలో. ఇలా ఏడు గొట్టాలు దాటేసరికి మొదటిది కోటో వంతుకి పలచబడుతుంది. ఆ ఏడో గొట్టంలోంచి 1 మి.లీ. ప్లేటులో వేసి, గోరువెచ్చని అగార్ పోసి, గడ్డకట్టాక బోర్లించి ఇంక్యుబేటర్‌లో పెట్టడం. బతికున్న ఒక్కో జీవి అక్కడే కూచుని పిల్లల్ని పెట్టి, మర్నాటికో మూడో రోజుకో కంటికి కనపడే చుక్కవుతుంది. 40 చుక్కలు కనపడితే మిల్లీలీటరుకి 40 కోట్లు. మందు గొట్టంలో 5 మి.లీ. కాబట్టి 200 కోట్లు. (అగార్ అంటే ఏంటన్నాడు. చైనా గ్రాస్ నాన్నా, అమ్మ రంజాన్ నెలలో పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకుని పాలల్లో వేసి గడ్డకట్టించేది చూడు, అదే, అన్నాను.)

"ఈ లెక్కన క్యాషు అప్పగిస్తే నన్ను ఆ రోజే ఇంటికి పంపేవాళ్ళు" అన్నాడు. ఒక క్షణం ఆలోచించి, "పోనీ చిల్లర సంచులు తూకం వేసేవాళ్ళం, అలాంటిదా?" అన్నాడు. అదీ కాదు. తూకంలో సంచి మొత్తం తక్కెట్లో పడుతుంది. ఇక్కడ సంచిలోంచి కోటో వంతు గుప్పిట పట్టి, గుప్పిట్లో ఎన్ని పడ్డాయో చూసి, సంచిలో ఇన్ని ఉన్నాయని చెబుతున్నాం. గుప్పిట్లో ఎన్ని పడతాయన్నది కొంత అదృష్టం.

ఆ అదృష్టానికీ ఒక లెక్కుంది. ప్లేటు మీద 40 వస్తే, అదే సీసాలోంచి అంతే జాగ్రత్తగా మళ్ళీ ప్లేటు వేస్తే 33 రావచ్చు, 47 రావచ్చు. వర్గమూలం అంత అటూ ఇటూ ఊగడం మామూలే. నూటికి 95 పాళ్ళు నమ్మకం కావాలంటే 40 చుక్కల వెనక ఉన్న అసలు సంఖ్య 29 నుంచి 54 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే ఆ ఒక్క ప్లేటు చెప్పగలిగింది సుమారు 140 కోట్ల నుంచి 270 కోట్లు, అంతే. అదీ కొలిచి పోసే పిపెట్ ఏడు మెట్లలో ఎక్కడా తప్పలేదనుకుంటే. కంపెనీవాళ్ళు ఒక్క ప్లేటుతో ఊరుకోరు, ఎక్కువ ప్లేట్లు వేస్తారు, తేడా తగ్గుతుంది. తగ్గుతుందే గానీ పోదు. 30కీ 300కీ మధ్య చుక్కలున్న ప్లేటునే లెక్కలోకి తీసుకోవాలని మేం పిల్లలకి చెప్పేది అందుకే. 30 కంటే తక్కువైతే అదృష్టం పాలు ఎక్కువ. 300 దాటితే ఇరుకై, ఒకదాని తిండి ఒకటి తినేసి, చుక్కలు కలిసిపోయి, కంటికి తక్కువ కనపడతాయి.

ఇంకో మెలిక ఉంది. చుక్కకి ఒక జీవి అని చెప్పాను కదా, అది సగమే నిజం. స్టెఫైలోకాకస్ ద్రాక్షగుత్తిలా ఉంటుంది, దాని పేరుకి అర్థమే అది. స్ట్రెప్టోకాకస్ గొలుసు. ఇరవై జీవుల గుత్తి ప్లేటు మీద పడినా లేచేది ఒక్క చుక్కే. కాబట్టే ల్యాబ్‌వాళ్ళు జీవులనకుండా కాలనీ కట్టే యూనిట్లు, సీఎఫ్‌యూ, అంటారు. గట్టిగా ఊపితే గుత్తులు విడిపోయి లెక్క పెరుగుతుంది. డెయిరీలో మాకు ఊపడానికీ నియమం ఉండేది: అడుగు దూరం పైకీ కిందికీ, 7 సెకన్లలో 25 సార్లు. కొత్తగా చేరిన రోజుల్లో నవ్వొచ్చేది. నెల తిరిగేసరికి, పొద్దున షిఫ్టు అబ్బాయి లెక్క ఎప్పుడూ నాకంటే ఎక్కువెందుకు వస్తోందో అర్థమైంది. వాడు జిమ్‌కెళ్ళే మనిషి.

ఇదంతా విన్నాక నాన్న గొట్టం తల తుంచి తాగేశాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. ఈ సంఖ్యల్ని రాసే పద్ధతి మీద నాకు ఎప్పట్నుంచో ఒక అభిప్రాయం ఉంది. ఎక్కడా పూర్తిగా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం, నేనే దానికి విరుద్ధంగా చేసిన పనులు రెండున్నాయి.

బాబాయి మినుము

ఎం.ఎస్సీ. రెండో ఏడు. బాబాయి మాగాణిలో వరి కోతకొచ్చింది. మా వైపు కోతకి రెండు మూడు రోజుల ముందే వరిచేలో మినుము చల్లేస్తారు, ఆ పదునుకే మొలుస్తుంది. చల్లేముందు విత్తనానికి బెల్లం పాకం పట్టించి రైజోబియం పొడి (వేళ్ళ బుడిపెల్లో చేరి గాలిలోని నత్రజనిని పంటకి అందించే బ్యాక్టీరియా) కలిపి నీడన ఆరబెడతారు. బాబాయి 200 గ్రాముల ప్యాకెట్ తెచ్చాడు. నల్లటి పొడి. ప్యాకెట్ మీద గ్రాముకి 5 కోట్ల జీవకణాలని ఉంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడికి అది కనీస సంఖ్య. "షాపాయన రేకుల షెడ్డులో పడేసుకున్నాడమ్మా, ఉడికిపోయి ఉంటాయేమో, నీ చదువుకి ఇదైనా పనికొస్తుందేమో చూడు" అని ఇంత పొడి పొట్లం కట్టిచ్చాడు.

ఎంత గొప్పగా అనిపించిందో. ఈస్ట్, మానిటాల్ వేసి, కాంగో రెడ్ రంగు కలిపి అగార్ చేశాను. పలచబరిచి, ప్లేట్లు వేసి, 28 డిగ్రీల దగ్గర పెట్టాను. రెండో రోజు చూస్తే నాలుగైదు ఎర్రటి చుక్కలు, అవి వేరే జాతివి, రైజోబియం ఆ ఎర్రరంగుని అంతగా పీల్చుకోదు. మూడో రోజూ అంతే. ఒక ప్లేటు అంచున బూజు. నాలుగో రోజు బాబాయికి ఫోన్ చేసి, "చచ్చిపోయాయి బాబాయ్, అందులో బొగ్గుపొడి తప్ప ఏం లేదు" అని చెప్పాను. ఆయన ఊరుకుంటాడా! షాపుకెళ్ళి నలుగురిలో కేకలేసి, ప్యాకెట్ ఆయన బల్ల మీద పడేసి, డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు. "మా అన్న కూతురు ల్యాబ్‌లో చూసింది" అని కూడా చెప్పాడట. మినుము ఒట్టి విత్తనమే చల్లాడు.

ప్లేట్లు పారెయ్యాల్సింది, మర్చిపోయి సెలవలకి వెళ్ళిపోయాను. తిరిగొచ్చాక ల్యాబ్ అటెండర్, "ఇవి కడిగెయ్యనా అమ్మా?" అని తెచ్చి బల్ల మీద పెట్టాడు. అప్పటికి పదో రోజు. 10 లక్షల వంతు పలచబరిచిన ప్లేటు వెలుతురుకి ఎత్తి చూస్తే, గుండుసూది తలలంత, ఉబ్బెత్తుగా, పాలమీగడ రంగులో చుక్కలు. లెక్కపెట్టాను. 61. గ్రాముకి 6 కోట్ల పైచిలుకు. ప్యాకెట్ మీద రాసింది నిజం. షాపాయన నిజం. రేకుల షెడ్డు కూడా ఏమీ చెయ్యలేకపోయింది.

మా మేడమ్‌కి చెబితే నవ్వారు. మెంతి వేళ్ళ మీదుండే రైజోబియం మూడు రోజుల్లో లేస్తుంది. మినుము, వేరుశనగ వాటివి మందకొడి జాతి, వారం, పది రోజులు తీసుకుంటాయి. పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. అయినా ఇంక్యుబేటర్ ముందు నిలబడ్డప్పుడు నా ఓపిక 72 గంటల దగ్గర అయిపోయింది, ఆ అయిపోయిన ఓపికకి నేను పెట్టిన పేరు "చచ్చిపోయాయి".

బాబాయికి చెప్పలేదు. ఆ ఏడు మినుము బానే పండింది. ఆ చేలో ఏళ్ళ తరబడి మినుము పండుతోంది కాబట్టి నేలలోనే ఆ జీవులుంటాయి. పంట బానే వచ్చింది కదా, ఎందుకు కదపడం అని సర్దిచెప్పుకున్నాను.

లావాదేవీల్లేని ఖాతాలు

అప్పట్నుంచి "సున్నా", "నిల్" అన్న మాటలు రిపోర్టులో కనపడితే నా చెయ్యి ఎర్ర పెన్ను మీదికి పోతుంది. పదో వంతుకి పలచబరిచిన పాలు 1 మి.లీ. వేసిన ప్లేటు ఖాళీగా ఉంటే రాయాల్సింది "మి.లీ.కి 10 కంటే తక్కువ" అని. అదీ ఉదారంగానే. ప్లేటుకి సగటున 3 వచ్చే పాలైనా నూటికి 5 సార్లు ఖాళీ ప్లేటే ఇస్తాయి. ఖాళీ ప్లేటుకి అర్థం: ఈ తిండి మీద, ఈ వేడిలో, ఇన్ని గంటల్లో, ఈ గుప్పిట్లోంచి ఏదీ లేవలేదు. ఇంతే. "లేవు" అన్నది నేను కలిపిన మాట.

మా అత్తయ్యకి ఒంటేలు మంటతో పరీక్ష చేయిస్తే "పెరుగుదల లేదు" అని వచ్చింది. అక్కడ ల్యాబ్‌లో నమూనా ముంచి ప్లేటు మీద గీసే చిన్న తీగ ఉంగరం, లూప్, పట్టేది మిల్లీలీటరులో వెయ్యో వంతు. ఒక చుక్క లేస్తే మి.లీ.కి వెయ్యి అని అర్థం, 100 లేస్తే లక్ష. లక్ష దాటితేనే ఇన్ఫెక్షన్ అనే గీతని 1956లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికా డాక్టరు గీశాడు, ఇప్పటికీ చాలా రిపోర్టులు దాని చుట్టూనే తిరుగుతాయి. 1982లో స్టామ్ బృందం మంటతో వచ్చిన ఆడవాళ్ళని చూసి, వాళ్ళ విషయంలో మి.లీ.కి 100 ఉన్నా పట్టించుకోవాల్సిందేనని చూపించింది. వందుంటే ఆ లూప్‌కి ఒక్కటి చిక్కేది పదిసార్లలో ఒక్కసారి. మిగతా తొమ్మిది సార్లూ "పెరుగుదల లేదు". డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి, అత్తయ్య చెప్పింది విని మందు రాసింది. ఆ డాక్టరమ్మకి లూప్ సంగతి తెలుసు.

నేలలోంచో సముద్రంలోంచో తీసిన నమూనా అయితే ఇంకా దారుణం. సూక్ష్మదర్శినిలో కనపడే వాటిలో నూటికి ఒకటి కూడా ప్లేటు మీద లేవదు. 1985లో స్టేలీ, కొనోప్కా అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక పేరే పెట్టారు, ప్లేటు లెక్కల మహా వైపరీత్యం అని అనుకోవచ్చు. అంతకు మూడేళ్ళ ముందు అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్ బృందం కలరా క్రిముల గురించి ఒకటి చెప్పింది: అవి బతికే ఉండి, పెట్రీ ప్లేటు మీద లేవకుండా మొండికేసే స్థితిలోకి వెళ్ళగలవని. జబ్బు లేని నెలల్లో బంగ్లాదేశ్ చెరువుల నీళ్ళు ప్లేటు వేస్తే తరచూ ఏమీ లేచేది కాదు. అవేమో నీటిలోని చిన్న చిన్న రొయ్యజాతి పురుగుల ఒంటికి అంటుకుని అక్కడే ఉండేవి. 2003లో అదే బృందం పాత చీరని నాలుగు మడతలేసి నీళ్ళు వడగట్టుకుంటే కలరా దాదాపు సగానికి, 48 శాతం, తగ్గిందని చూపించింది. ప్లేటు లేదన్నదాన్ని చీర పట్టుకుంది.

దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. అవి నిద్రలో లేవు, చావుకి దగ్గర పడ్డాయి, మీరు బతుకు అంటున్నది కొనఊపిరి అంటారు. ఆ వాదనలో పస లేకపోలేదు. నేను ఎటూ తేల్చుకోలేక నాన్నకే చెప్పాను. ఆయన తడుముకోలేదు. "మా దగ్గర రెండేళ్ళు లావాదేవీ లేకపోతే డార్మెంట్ ఖాతా అనేవాళ్ళం. విడిగా రిజిస్టర్లో రాసేవాళ్ళం. మనిషి పోయి ఉండొచ్చు, అమెరికాలో ఉండొచ్చు. అంతేగానీ ఖాతానే లేదని ఎవరూ రాయరు. డబ్బుందిగా."

ఆ మాట మా సిలబస్ కమిటీలో ఎవరైనా అంటే బావుండు.

మరి మిషన్లున్నాయి కదా అనొచ్చు. ఫ్లో సైటోమీటర్ సెకనుకి వేల కణాల్ని ఒక్కొక్కటిగా వెలుతురు ముందు నడిపిస్తుంది, రంగు లోపలికి దూరిన దాన్ని గోడ చిల్లుపడ్డదిగా, దూరనిదాన్ని బతికున్నదిగా లెక్కేస్తుంది. పెరుగు జాతి బ్యాక్టీరియాకి ఈ పద్ధతిలో లెక్కించడానికి 2015 నుంచి అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. మంచిదే. కానీ గోడ గట్టిగా ఉన్నవన్నీ పిల్లల్ని పెట్టవు. అదే పొడికి మిషన్ ఒక సంఖ్య చెబుతుంది, ప్లేటు ఇంకోటి చెబుతుంది, రెండూ తప్పు కాదు, ఎందుకంటే రెండూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. డీఎన్‌ఏ లెక్కపెట్టే పద్ధతైతే చచ్చినవాటినీ ఓటర్ల జాబితాలో ఉంచేస్తుంది.

ఎప్పుడూ సరిపోయే క్యాషు

ఇక రెండో పని. డెయిరీలో. ప్యాకెట్ పాలకి మొత్తం బ్యాక్టీరియా లెక్క హద్దు మి.లీ.కి 30,000. ఒక రాత్రి షిఫ్టులో వెయ్యో వంతు ప్లేట్లు రెండు వేస్తే ఒకటి 27, ఇంకోటి 36. సగటు 31,500. ఫెయిల్. మా సీనియర్ ప్లేటు ఎత్తి చూసి, "ఈ 36లో కొన్ని అగార్‌లో కరగని నలుసులే అయ్యుంటాయి, మళ్ళీ చూడండి" అన్నారు. మళ్ళీ చూశాను. చూస్తే ఐదు నలుసుల్లానే కనపడ్డాయి. 31. సగటు 29,000. పాస్. సంతకం పెట్టాను.

ఇందులో మోసం ఉందా? ఏళ్ళుగా ఆలోచిస్తున్నాను. ఆ ఐదూ నలుసులో కాలనీలో నాకు నిజంగా తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. అయితే 27 ప్లేటులో నలుసుల కోసం నేను వెతకలేదు. తప్పు అక్కడుంది. హద్దుకి అటున్న ప్లేటు మీదే అనుమానం వచ్చింది, ఇటున్నదాని మీద రాలేదు.

అసలు సంగతేంటంటే, ఆ రెండు ప్లేట్లూ కలిపి 63 చుక్కలు నిజాయితీగా చెప్పగలిగింది 24 వేల నుంచి 40 వేల దాకా అని. హద్దు సరిగ్గా ఆ మధ్యలో ఉంది. ఆ పాలు పాసో ఫెయిలో ఆ ప్లేట్లకి తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒకే అంకెలో రాయమన్నారు కాబట్టి, ఆ అంకె ఎటు ఒరగాలన్నది నా కళ్ళ మీద, సీనియర్ గారి గొంతు మీద, బయట ఇంజిన్ ఆపకుండా నిలబడ్డ లారీ మీద పడింది.

ఇప్పుడు మా కాలేజీలో ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతుంటే కనపడేది దీని చిన్ననాటి రూపమే. ఒక బ్యాచ్‌లో 22 మంది రికార్డులు: పదివేల వంతు ప్లేటు మీద 150, లక్ష వంతు మీద 15, పదిలక్షల వంతు మీద 1.5. ఒకటిన్నర కాలనీ! పిల్లని పిలిచి, "ఆ అర కాలనీ ఏదమ్మా, నాకూ చూపించు" అంటే తల దించుకుంది. తప్పు ఆ పిల్లది కాదు. 143, 19, 0 అని నిజం రాసినవాడికి పోయిన ఏడు మార్కులు తగ్గాయి. తగ్గించింది నేను కాదు గానీ, నేను అడ్డుపడలేదు.

ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న అన్నది నాకు బాగా గుర్తు. "ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన ఏ క్యాషియర్ పుస్తకం మొదట తీస్తాడో తెలుసా? రూపాయి కూడా తేడా రానివాడిది. పదేళ్ళలో ఒక్కసారైనా పది రూపాయలు తక్కువ రాలేదంటే వాడు జేబులోంచి వేస్తున్నాడన్నా అర్థం, లేకపోతే ఏదో చేస్తున్నాడన్నా అర్థం."

1922లో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్, ఆయనతో థార్న్‌టన్, మెకెంజీ ప్లేటు లెక్కల మీద ఒక వ్యాసం రాశారు. పని సరిగ్గా చేస్తే ఒకే నమూనా నుంచి వేసిన జత ప్లేట్లు యాదృచ్ఛికంగా ఎంత తేడా ఉండాలో అంతే తేడా ఉంటాయని చూపించారు. తేడా మరీ ఎక్కువైతే పనిలో లోపం. వాళ్ళు పరిశీలించిన లెక్కల్లో తేడా ఉండాల్సినంత కూడా లేనివీ కనపడ్డాయి. నాన్న ఫిషర్ పేరు విని ఉండడు. ఫిషర్‌కి మా తెనాలి బ్యాంకు తెలియదు.

లారీ ఎటెళ్ళాలి

కాబట్టి నా అభిప్రాయం ఇది: ల్యాబ్ రిపోర్టులో ఒంటరి అంకె రాయకూడదు. ఎంత నుంచి ఎంత దాకా అన్నది రాయాలి, ఏ తిండి మీద, ఎన్ని డిగ్రీల దగ్గర, ఎన్ని గంటలన్నది దాని పక్కనే ఉండాలి. "నిల్" అన్న మాట తీసెయ్యాలి. కాలేజీ రికార్డులో ముందుగా.

దీనికి నా పాత సహోద్యోగి, ఇప్పటికీ అదే పనిలో ఉన్నతను, ఫోన్లో గట్టిగానే సమాధానం చెప్పాడు. "24 నుంచి 40 అని రాస్తాను మేడమ్. లారీ వెళ్ళాలా ఆగాలా? డ్రైవర్‌కి ఏం చెప్పను, 24కి వెళ్ళు 40కి ఆగు అనా?" ఇంకా అన్నాడు, "రేంజ్ రాయనిస్తే దొంగలకి పండగ. ప్రతివాడూ కింది అంకె చూపించి తప్పించుకుంటాడు."

మొదటిదానికి నా దగ్గర సగం జవాబే ఉంది. 30,000 అనేది ప్రపంచ సత్యం కాదు, అందరికీ ఒకే తవ్వ. తవ్వ కాస్త పెద్దదైనా చిన్నదైనా ఊరంతా దాంతోనే కొలిస్తే ఎవరికీ అన్యాయం లేదు. ఒకే అగార్, ఒకే వేడి, అవే గంటలు అని గీత గీసుకుని, ఆ గీత లోపల ఒకదానితో ఒకటి పోల్చడానికైతే ఒంటి అంకె పనికొస్తుంది, ఒప్పుకుంటాను. నిజానికి నియమం రాసినవాళ్ళకి మనకంటే ఎక్కువే తెలుసు. ఐదు ప్యాకెట్లు తియ్యమంటారు, అందులో రెండు 30,000 దాటి 50,000 లోపుంటే ఊరుకుంటారు. ఊగిసలాటకి చోటు చట్టంలోనే ఉంది. ఐదింటికి బదులు ఒక్కటి తీసి, ఆ ఒక్కదాన్నీ గీతకి ఇటు ఒరిగించడంలోనే మా రాత్రి షిఫ్టు నేర్పంతా ఉండేది.

రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. అతనన్నది నిజం. దొంగకి ఏ తలుపైనా తలుపే. కాకపోతే ఒంటి అంకె తలుపులోంచి ఇప్పుడు దూరుతున్నది దొంగలొక్కరే కాదు, నాలాంటివాళ్ళమూ దూరుతున్నాం. మాకు దొంగలమని కూడా తెలియదు.

మంచినీళ్ళ విషయంలో మాత్రం నేను మెట్టు దిగను. తాగునీటికి మన ప్రమాణం 100 మి.లీ.లో ఈ.కోలై, అంటే మలంతో నీళ్ళలో కలిసే బ్యాక్టీరియా, కనపడకూడదని. క్లోరిన్ ఉన్న నీళ్ళు, దాన్ని విరిచేసే థయోసల్ఫేట్ లేని సీసాలో పట్టుకొస్తే దారి పొడుగునా క్లోరిన్ పని చేస్తూనే ఉంటుంది, ల్యాబ్‌కొచ్చేసరికి కుళాయిలో ఉన్నవి కూడా ఉండవు. ఇక దెబ్బతిని కొనఊపిరితో ఉన్నవి మెకాంకీ అగార్ లాంటి ఘాటు తిండి మీద లేవనే లేవు, కాస్త మెత్తటి తిండి పెడితే లేస్తాయి. గొట్టాల పద్ధతిలో, అంటే ఎన్ని గొట్టాలు పొంగాయో చూసి పట్టికలోంచి ఎక్కువ అవకాశమున్న సంఖ్య తీసే ఎంపీఎన్‌లో, 10 మి.లీ. నీళ్ళు వేసిన మూడు గొట్టాలూ గ్యాసుతో పొంగి, తక్కువ నీళ్ళు వేసిన మిగతావి పొంగకపోతే పట్టిక 100 మి.లీ.కి 23 అంటుంది. పక్కనే అదే పట్టిక 4.6 నుంచి 94 దాకా ఎంతైనా కావచ్చని కూడా అంటుంది. ఇరవై రెట్ల తేడా! రిపోర్టు మీదకి 23 ఒక్కటే వస్తుంది. పట్టికలో అచ్చేసిన రెండు అంకెలు రిపోర్టుకి ఎక్కించడానికి ఏ మిషనూ అక్కర్లేదు, ఒక పెన్ను చాలు.

నాన్న కడుపు నాలుగు రోజుల్లో కుదుటపడింది. గొట్టాల వల్లో, అన్నం పెరుగు వల్లో, రోజులు గడవడం వల్లో నాకు తెలియదు. ఈ కబుర్ల మధ్యలోనే ఆయన మినుము కథ విన్నాడు, విన్న వెంటనే తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు. పదమూడేళ్ళ తర్వాత బాబాయికి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ షాపాయన పోయి నాలుగేళ్ళయిందమ్మా. ఆ రోజు నలుగురిలో చాలా మాటలన్నాను" అన్నాడు.

పోయిన వారం ఆర్టీసీ పార్శిల్లో ఒక పొట్లం వచ్చింది. ఈ ఏడు ప్యాకెట్‌లోంచి ఇంత పొడి, న్యూస్ పేపర్లో చుట్టి. కాలేజీ ల్యాబ్‌లోనే ప్లేట్లు వేశాను, ఇవాళ నాలుగో రోజు. పొద్దున్నే ఫోన్ చేశాడు, ఈపాటికే విత్తనం చల్లాల్సిందట, వరి కోతకొచ్చేసింది, కూలీలు ఎల్లుండి వస్తామన్నారు.

"ఏమైనా లేచాయా?"

"ఇంకా ఏం కనపళ్ళేదు బాబాయ్."

"చచ్చినట్టేనా?"

"తెలీదు. ఇంకో ఆరు రోజులు కావాలి."

"వరి ఆగదు కదమ్మా" అన్నాడు. ఆగదు. కలిపి చల్లెయ్యమన్నాను.